పాతగుడ్డ కొనక్కర్లేదు, కొయ్యడం తెలిస్తే చాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో బొంతల మీద వచ్చిన కథనం చదివాను. ఫొటోలు బాగున్నాయి, రాసినమ్మాయి ఓపిగ్గా రాసింది, వంక పెట్టను. నా గొడవంతా చివర్లో డబ్బా కట్టి ఇచ్చిన ‘వింటేజ్ గుడ్డలు ఎక్కడ కొనాలి’ అన్న ముక్కతోనే. అంటే కొత్తగా నేసి, కొత్తగా అచ్చేసి, పాతదానిలా కనబడాలని రంగు తగ్గించిన గుడ్డని పైదేశం నుంచి తెప్పించుకుని బొంత కుట్టుకోమని. శ్రీకాకుళంలో కూర్చుని అది చదువుతుంటే నాకు నవ్వాగలేదు. ఇక్కడ ప్రతి ఇంట్లో అటక మీదో ట్రంకుపెట్టెలోనో అసలైన పాతగుడ్డల మూట ఒకటి ఉంటుంది, ప్రతి వీధిలో ఒక టైలరు రోజూ సాయంత్రం మంచి నూలు ముక్కలు ఊడ్చి అవతల పారేస్తుంటాడు. మనకి గుడ్డకి కరువు లేదండీ. దాన్ని చూసి, ఏరి, కొలతకి కోసి పెట్టుకునే అలవాటు తప్పిపోయింది, అంతే.

ఆ అమ్మకపు గుడ్డల కథ మీ కథనంలో లేదు కాబట్టి కాస్త చెబుతాను. అమెరికాలో 1930ల్లో పనుల్లేక జనం అల్లాడుతున్న రోజుల్లో పిండి, పంచదార, కోళ్ల దాణా నూలు సంచుల్లో వచ్చేవి. ఆడవాళ్లు ఆ సంచుల్ని విప్పి పిల్లలకి గౌన్లు కుట్టేవారు, మిగిలిన ముక్కలు బొంతల్లోకి పోయేవి. అది కనిపెట్టిన వ్యాపారులు సంచుల మీద పువ్వులు అచ్చేయించడం మొదలుపెట్టారు, ఏ సంచి పువ్వు బాగుంటే ఆ పిండే ఇంటికొస్తుందని వాళ్ల లెక్క. ఇప్పుడు ‘ముప్ఫైల నాటి డిజైన్’ అని అమ్ముతున్న లేతాకుపచ్చ, గులాబీరంగు చిన్న పువ్వులు చాలావరకు ఆ దాణా సంచి పువ్వులే. వాళ్ల అమ్మమ్మల సంచులు వాళ్లకి ముద్దు, అందులో తప్పులేదు. మన అమ్మమ్మల చీరలు గిన్నెల సామాన్లవాడికి వేసేసి, వాళ్ల అమ్మమ్మల సంచుల నకలుని మనం కొనడమేమిటో నాకు అర్థం కాదు.

వింటేజ్ పేరుతో అమ్మేవాటిలో ఇటికరంగు, నీలిరంగు సన్న పువ్వుల గుడ్డలు ఇంకో రకం ఉన్నాయి, వాటి పుట్టుక అయితే మన తీరానికే దగ్గర. మచిలీపట్నం వైపు నుంచి ఓడలెక్కిన అద్దకం గుడ్డలకి ఐరోపా ఆడవాళ్లు ఎంతగా ఎగబడ్డారంటే, అక్కడి నేతగాళ్లు గోలపెట్టి ఫ్రాన్సులో 1686లో నిషేధం పెట్టించారు, ఇంగ్లండులో 1700లో ఒక చట్టం, చాలక 1721లో ఇంకోటి తెప్పించారు. తెల్లవాళ్లు చికాకోల్ అని రాసుకున్న మన శ్రీకాకుళం కూడా ఒకప్పుడు సన్న మస్లిన్‌కి పేరున్న ఊరే. ఇప్పటికీ పక్కనే పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, సన్నటి నూలు వడికి నేస్తున్నారు. పొందూరు పంచె ఒకటి పదేళ్లు కట్టి, ఉతికి, ఇక కట్టుకోడానికి పనికిరాదని పక్కన పెట్టేశారనుకోండి, పసిపిల్లల బొంతకి అంతకంటే మంచి గుడ్డ నాకు ఏ షాపులోనూ కనబడలేదు. పురుడు వెళ్లేదాకా బిడ్డకి కొత్తబట్ట వెయ్యకుండా మెత్తటి పాతబట్టలోనే చుట్టేవారు మన పెద్దవాళ్లు, ఊరికే కాదు.

ఇక ధర సంగతి. ఐదంగుళాల చదరపు ముక్కలు, మామూలుగా 42, ఒక కట్టగా కట్టి చార్మ్ ప్యాక్ అని అమ్ముతారు. మంచం నిండా పరుచుకునే బొంతకి అడ్డంగా 14, నిలువుగా 20, వెరసి 280 ముక్కలు కావాలి. ఏడు కట్టలు కొనాలన్నమాట. ఆ డబ్బు పెడితే ఒక ఇంటిల్లిపాదికీ పండక్కి బట్టలొచ్చేస్తాయి. అదీ పైపొరకే, ఇంకా లోపలి పొర, అడుగు పొర మిగిలే ఉన్నాయి.

సరే, కోత దగ్గరికి వస్తాను, నేను రాయాలనుకున్నది అసలు ఇదే.

కత్తెర పట్టే ముందే సగం పని ఉంది. చీరని పగటిపూట కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. వెలుగు ఎక్కువ దూరుతున్న చోట పోగు అరిగిపోయినట్టు. నూలు చీరకి ముందుగా పోయేది కాళ్లకి తగిలే అంచు, నడుం దగ్గర దోపుకునే చోటు, భుజం మీద పిన్ను గుచ్చే చోటు. మొదటి చుట్టులో ఉండే లోపలి చెంగు, కుచ్చిళ్లలో లోపలికి మడతపడే భాగం మాత్రం ఎన్నేళ్లయినా గట్టిగానే ఉంటాయి, రంగు కూడా నిలుస్తుంది. పైపొరకి అవి తీసుకోండి, అరిగినదాన్ని లోపలి పొరలోకి తొయ్యండి. రెండు చేతులా పట్టి గట్టిగా లాగితే పర్రుమని చిరిగే గుడ్డని ఎంత అందంగా ఉన్నా పైన పెట్టకూడదు, నాలుగు ఉతుకులకే ఆ ముక్క పోతుంది, మొత్తం బొంత విప్పకుండా దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. జరీ అంచులు కూడా వద్దు, నిద్రలో చెంపకి గీసుకుంటాయి.

ఉతకడం గురించి మీ కథనంతో నాకు పేచీ ఉంది. కుట్టాకే ఉతకమని రాశారు. పైదేశాల్లో కొందరు కావాలనే అలా చేస్తారు, గుడ్డా లోపలి దూదీ కలిసి కుదించుకుపోయి పాతబొంతలాంటి ముడతలు రావాలని. అన్నీ ఒకే రకం కొత్త గుడ్డలైతే అది చెల్లుతుంది. ఇరవయ్యేళ్లు ఉతికిన చీర ముక్క పక్కన నిన్న టైలరు దగ్గర తెచ్చిన పాప్లిన్ ముక్క పెట్టి కుట్టి, తర్వాత నీళ్లలో వేస్తే చీర ముక్క కదలదు, పాప్లిన్ ముక్క కుంచించుకుంటుంది, అక్కడ బొంత గుంజుకుపోయి ఇంకెప్పటికీ తిన్నగా పరుచుకోదు. కాబట్టి పాతదీ కొత్తదీ కలిపి కుట్టేవాళ్లు ముందే ఉతకాలి, అందులో ఎరుపు, ముదురు నీలం అయితే వేరేగా ఉతకాలి. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే ఇంకోసారి ఉతకండి, అప్పటికీ అంటితే ఆ ముక్కని మర్చిపోండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని మా వాళ్లంతా చెబుతారు, నేను మాత్రం ఈ మిల్లు రంగుల విషయంలో దాన్ని నమ్మి కూర్చోను. ఉతికాక పల్చగా గంజి పెట్టి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే ఎంత మెత్తటి వాయిలైనా కత్తెర కింద జారదు. గంజి తర్వాత ఎలాగూ పోతుంది.

తర్వాత పోగు చూసుకోవాలి, చాలామంది ఇక్కడే తేలిగ్గా తీసుకుంటారు. అంచు వెంట పోయేది పడుగు, అడ్డంగా వచ్చేది పేక. పడుగు వెంట లాగితే గుడ్డ దాదాపు సాగదు, పేక వైపు కొంచెం సాగుతుంది, ఐమూలగా లాగితే బాగా సాగుతుంది. ముక్క నాలుగు అంచులూ పడుగు పేకల వెంటే ఉంటే బొంత ఏళ్ల తరబడి చదరంగా ఉంటుంది, కంటికి తిన్నగా ఉంది కదా అని ఏటవాలుగా కోసిన ముక్కలు నాలుగు పడితే మూలలు వంకర్లు తిరుగుతాయి. స్కేలు లేకపోయినా ఫరవాలేదు. అంచున చిన్న గాటు పెట్టి ఒకే ఒక్క పోగు పట్టుకుని మెల్లగా లాగండి, చేనేత గుడ్డకి ఆ పోగు వచ్చేసిన చోట సన్నగా గీత పడుతుంది, కత్తెరని ఆ గీత మీదే పోనివ్వండి. చింపడం కూడా తప్పేం కాదు, మంచి నూలు పోగు వెంటే చిరుగుతుంది, కాకపోతే చింపిన అంచు పీచు లేస్తుంది కాబట్టి కాస్త ఎక్కువే చింపి ఆ పీచుని కత్తిరించెయ్యాలి.

కొలత మాత్రం ఒక్కటే పెట్టుకోండి, ఇది నా పట్టుదల. ఒక్కో మూటకి ఒక్కో సైజు కోస్తే అవి ఎప్పటికీ కలవవు, అలా కోసినవి మళ్లీ అటకెక్కుతాయి. నేను ఐదంగుళాలు పెట్టుకున్నాను. నాలుగు వైపులా పావంగుళం కుట్టులోకి పోతే నాలుగున్నర పైకి కనబడుతుంది. పసిపిల్లల బొంతకి అడ్డం 8, నిలువు 10, మొత్తం 80 ముక్కలు చాలు, 36 అంగుళాలు బై 45 వస్తుంది. ముందు చెప్పిన 280 ముక్కలది 63 బై 90 వస్తుంది. ఐదంగుళాలు రాని ముక్కల్ని పారెయ్యక్కర్లేదు, చిన్న చదరాలు కోసి నాలుగేసి కలిపితే అవీ ఐదు అవుతాయి, కాని ఆ చిన్నవి రెండుముప్పావు అంగుళాలు ఉండాలి. ఐదులో సగం రెండున్నరే కదా అని అందరూ రెండున్నరకి కోసేస్తారు, మధ్య కుట్టులోకి అర అంగుళం పోయి నాలుగున్నరే మిగులుతుంది, ఇక పక్కవాటితో కలవదు. రెండుముప్పావు, గుర్తుంచుకోండి. అంతకంటే చిన్న పీలికలుంటే అంచు పట్టీకో దిండు లోపలికో వాడుకోండి, నేను వాటితో కుస్తీ పట్టను.

కొలత అచ్చుకి పాత ఎక్స్‌రే ఫిల్ముని మించింది లేదు. ఐదంగుళాలకి కోసుకుని, లోపల పావంగుళం వదిలి పిన్నుతో గీత గీసుకుంటే, ఏ పువ్వు పైకి కనబడుతుందో ఏది కుట్టులోకి పోతుందో గుడ్డ మీద పెట్టగానే తెలిసిపోతుంది. శుభలేఖ అట్టలు వాడేవాళ్లున్నారు, పాతిక ముక్కలు గీసేసరికి దాని అంచు అరిగి కొలత మారిపోతుంది. జపాన్‌లో 1979లో వచ్చిన గుండ్రటి బ్లేడు కట్టరు, కింద వేసే మ్యాటు, మందపాటి స్కేలు ఉన్నవాళ్లు నాలుగు పొరలు ఒక్క దెబ్బకి కోసేస్తారు, టైలరు గుడ్డలకి అది మంచిదే. చీరలకి మాత్రం నేను ఒప్పుకోను, అరుగుదల ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అడుగు పొరలో ఏముందో చూడకుండా కోసినట్టవుతుంది. మామూలు గుడ్డ కత్తెర సాన పట్టించి ఉంచుకుంటే చాలు, దాంతో కాగితం కోసినవాళ్లకి మా ఇంట్లో ఆ పూట అన్నం ఉండదు.

టైలరు ముక్కల తీరు వేరు. జాకెట్టు కోసినప్పుడు చంక దగ్గరవి, మెడ దగ్గరవి గుండ్రంగా వస్తాయి, క్రాస్ కటింగ్ జాకెట్లయితే మూడుమూలల ముక్కలు ఎక్కువ పడతాయి, వాటి పొడుగు అంచు ఐమూలగా ఉంటుంది. అందుకే ముందు పోగు చూసి, దాని వెంట అచ్చు తిప్పి పెట్టాలి, ముక్క ఆకారం ఎటుంటే అటు పెట్టకూడదు. రెండో తలనొప్పి, ఏది నూలో ఏది కాదో. జాకెట్టు గుడ్డల్లో రూబియా అని అమ్మినదంతా నూలు కాదు. ఒక పోగు లాగి అగ్గిపుల్లకి చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద రాలుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి పూస కడుతుంది, మిక్సింగ్ అయితే రెండూ కొంచెం కొంచెం. పాలిస్టరుని కప్పుకునే బొంతలో పెట్టకండి, చెమట పీల్చదు, పైగా పక్కన నూలు ముక్కలన్నీ అరిగి చిరిగినా అది మాత్రం అలాగే ఉంటుంది. గుమ్మం పట్టాలకి వాడుకోవచ్చు.

మా వీధి టైలరు మొదట్లో “ఏటమ్మా, ఈ పీలికలట్టుకెళ్లి ఏటి సేస్తారు, మెకానిక్ సెడ్డోలు తుడుసుకోడానికి ఇచ్చేత్తాను కదా” అని నవ్వేవాడు. ఇప్పుడు సంచి నిండితే తనే కబురు పెడుతున్నాడు, నూలువి ఒక సంచిలో, తక్కినవి ఇంకోదాంట్లో. అడగాలే గాని వాళ్లకి పోయేదేం లేదు, కోసేటప్పుడే చేతికి తెలిసిపోతుంది ఏది నూలో. విజయనగరంలో ఉంటున్న మా చెల్లెలు గంటస్తంభం వైపు బజారుకి వెళ్లినప్పుడల్లా కట్‌పీసుల కుప్పలో వెతుకుతుంది, పాతచీరల మధ్య ఒక రంగు తగ్గిందనిపిస్తే అలాంటి మిల్లు ముక్క ఒకటి కొనడం నాకూ సమ్మతమే. అసలు కొనొద్దని నేననడంలేదు, కొనడంతో మొదలుపెట్టొద్దంటున్నాను.

పొరల దగ్గర కూడా మన వాతావరణం చూసుకోవాలి. పైదేశాల్లో బొంత మధ్యలో మందంగా దూది పొర వేస్తారు, మంచు దేశాలకి అది కావాలి. ధనుర్మాసంలో తెల్లారుజామున కళ్లం దగ్గర కాపలా పడుకునేవాళ్లకి చలి ఎంతుంటుందో నాకు తెలుసు గాని, ఊళ్లో ఇంట్లో పడుకునేవాళ్లకి మూడు పొరల చీరలు చాలు. ఆరేడు పొరలు వేసి బొంత బరువుగా ఉంటేనే గొప్ప అనుకుంటారు పెద్దవాళ్లు, వానాకాలంలో అది తడిస్తే రెండు రోజులకీ ఆరదు, ముక్కిన వాసన పట్టేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో మా బంధువుల ఇంట్లో పెద్ద బొంతలన్నీ తడిసి దండేల మీద అలాగే వేలాడాయి, తొందరగా ఆరి రాత్రికి కప్పుకోడానికి పనికొచ్చినవి పల్చటివే. అప్పటినుంచి నేను పల్చటివే కుడుతున్నాను.

కుట్టేవాళ్ల మాట కూడా మీ కథనంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. మా చుట్టుపక్కల పల్లెల్లో బొంత కుట్టు చక్కగా కుట్టగల ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, అంచు నుంచి అంచుకి దూరపు కుట్టు, గీత గీసినట్టు. మూట విప్పి వాళ్ల ముందు పడేసి కుట్టమంటే, ఏరడం, చింపడం, అమర్చడంతోనే వాళ్ల పొద్దు గడిచిపోతుంది, కూలి మాత్రం బొంతకి ఇంత అని ముందే బేరం. ముక్కలు కోసి, రంగులు పేర్చి, పొరలు సిద్ధం చేసి ఇస్తే వాళ్లకి అదే కూలికి కుట్టొక్కటే పని. విశాఖలో ఒక షాపులో ‘చేతికుట్టు’ అని చీటీ కట్టి పెట్టిన బొంత ధర చూసి కళ్లు తిరిగాయి, అది కుట్టిన ఆవిడకి ఎంత ముట్టిందని అడిగితే షాపాయన మాట మార్చేశాడు. మీ విలేకరులు అలాంటివి అడిగి రాస్తే బాగుంటుంది.

బయటివాళ్లు పాతబట్టల బొంతలకి ఇచ్చే మర్యాద చూడండి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి తొడిగి పాతబడ్డ ప్యాంట్లూ చొక్కాలూ కోసి కుట్టుకున్న బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకి పెట్టి చూపించారు, 2006లో ఆ బొమ్మలతో తపాలా బిళ్లలు వేశారు. మన దేశంలోనే కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ ఆడవాళ్లు కవంది అనే పాతబట్టల బొంత కుడతారు, బయటి అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు, చివర్లో మూలలకి మడతపెట్టిన చిన్న ముక్కలు కుడతారు, అవి లేకపోతే వాళ్లకి బొంత పూర్తయినట్టు కాదు. పాతగుడ్డలు పొరలుగా కలిపి కుట్టే బీహారు సుజనికి 2006లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మందస, సీతంపేట, పాలకొండ వైపు మన ఆడవాళ్లు కుట్టిన బొంతల్ని కనీసం మంచి ఫొటోలు తీసి ఒక పేజీ వేసిన పత్రిక నాకు కనబడలేదు, లారీ ఇంజను మీద కప్పినవి మాత్రం రోజూ చూస్తున్నాను.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇదీ. వచ్చే ఆదివారం ఆ కొనుగోలు డబ్బా స్థానంలో కొలతల డబ్బా వెయ్యండి, కిటికీ దగ్గర చీర చూడ్డం, పోగు లాగడం బొమ్మలతో వేస్తే ఇంకా మంచిది. టైలరు షాపులవాళ్లు నూలు ముక్కలకి ఒక గోనెసంచి వేరే పెట్టాలని మీరు రాస్తే వాళ్లు వింటారు, మా మాటకంటే పేపరు మాటకి విలువెక్కువ. డ్వాక్రా సంఘాల్లో కుట్టుమిషన్లున్నవాళ్లు బోలెడుమంది, కోసి కట్టలు కట్టిన ముక్కలు అమ్ముకున్నా వాళ్లకి నాలుగు డబ్బులొస్తాయి, చార్మ్ ప్యాక్ అని పేరు పెట్టుకుంటారో ఇంకేం పెట్టుకుంటారో వాళ్లిష్టం. చెత్త బండివాళ్లు తడిచెత్త పొడిచెత్త అని రోజూ అరుస్తున్నారు, బట్టలు మాత్రం తడిచెత్తలో పడి కుళ్లిపోతున్నాయి, దాని గురించి కూడా ఒక మాట.

నాకు ఈ కార్తీకం దాటేలోపు మూడు బొంతలు కావాలి, ఒకటి మా అమ్మాయికి పుట్టబోయే బిడ్డకి, ఒకటి చెల్లెలికి, ఒకటి ఇంకా ఎవరికో తేలలేదు. పసిదానికి ముక్కలు కోయడం అయిపోయింది, పెద్దవాటికి ఎరుపు తగ్గింది, టైలరు సంచి కోసం చూస్తున్నాను.

ఉత్తరం పొడుగైంది, మీరు కత్తిరించక తప్పదని తెలుసు. ఎక్కడైనా కత్తిరించుకోండి, ఆ రెండుముప్పావు లెక్క మాత్రం తియ్యకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, శ్రీకాకుళం